చల్లని వాయువు జాడ తీసిన 30 మీటర్ల డిష్

ఏప్రిల్ చివర్లో రాత్రి పది గంటలప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళకి కన్యారాశి గెలాక్సీల గుచ్ఛం దాదాపు నడినెత్తిన ఉంటుంది. అందులోని భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఎం87 మనకు 5 కోట్ల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. ఆకాశం ఇంత అనుకూలంగా ఉన్నా, అలాంటి గెలాక్సీల్లో చల్లని వాయువును వెతికే టెలిస్కోపును ఈ డెల్టాలో పెట్టలేం. సూర్యలంక మీదుగా వచ్చే గాలిలోని నీటి ఆవిరి మిల్లీమీటరు తరంగాలను మింగేస్తుంది. ఫ్రెంచి, జర్మన్ శాస్త్రసంస్థలు 1979లో నెలకొల్పిన ఇరామ్ అనే రేడియో ఖగోళ సంస్థ అందుకే స్పెయిన్‌లో సియెర్రా నెవాడా కొండమీద, 2,850 మీటర్ల ఎత్తున తన డిష్‌ని నిలబెట్టింది. 1984కి అది సిద్ధమైంది.

వెతకాల్సింది హైడ్రోజన్ అణువుల్ని. చల్లగా ఉన్నప్పుడు అవి నోరు మెదపవు. వాటితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 2.6 మిల్లీమీటర్ల తరంగాన్ని వెలువరిస్తుంది. దాన్ని పట్టడానికి డిష్‌లోని 420 పలకలనూ 55 మైక్రాన్ల తేడాకి సర్దారు. సన్నటి తలవెంట్రుక మందమంత! రిసీవర్‌ను మైనస్ 269 డిగ్రీలకు చల్లబరుస్తారు. అయినా గెలాక్సీ సంకేతం కన్నా మన వాతావరణం రొదే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని చిన్న అద్దం ఒకటి అటూ ఇటూ ఊగుతూ ఓసారి గెలాక్సీని, ఓసారి పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని చూపిస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తారు. గంటల తరబడి ఇలా కూడబెడితే గ్రాఫ్ మీద చిన్న గుబ్బ లేస్తుంది. నా దృష్టిలో ఈ యంత్రం గొప్పతనమంతా ఆ తీసివేతలోనే ఉంది.

దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో ముసలి నక్షత్రాలే తప్ప వాయువు మిగల్లేదని చాలాకాలం అనుకున్నారు. గుచ్ఛాల దగ్గర చిక్కు వేరు. అక్కడ కోట్ల డిగ్రీల వాయువు ఎక్స్‌కిరణాలు వెదజల్లుతూ, కొన్ని గుచ్ఛాల్లో ఏటా వందల సూర్యుళ్ళంత చొప్పున చల్లారాలని లెక్క తేలింది. మరి ఆ చల్లారిన వాయువు ఎటు పోయింది? 1989లో ఈ డిష్ పెర్సియస్ గుచ్ఛం నడుమ ఉన్న ఎన్‌జీసీ 1275లో కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టింది. మిగతా గుచ్ఛాల్లో పదేళ్ళ వెతుకులాట పెద్దగా ఫలించలేదు. 2001లో ఖగోళ శాస్త్రవేత్త ఆలస్టర్ ఎడ్జ్ ఈ డిష్‌తోనూ, హవాయిలోని మరో టెలిస్కోపుతోనూ 16 కేంద్ర గెలాక్సీల్లో వాయువు చూపించారు. అయితే అది పాత లెక్కలకన్నా చాలా తక్కువ. గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం నుంచి చిమ్మే జెట్లు వాయువును తిరిగి వేడెక్కిస్తున్నాయన్న వాదనకు అది బలమిచ్చింది.

మామూలు దీర్ఘవృత్తాకార గెలాక్సీల సంగతీ తేలింది. ఈ డిష్‌తోనే చేసి 2011లో వెలువరించిన సర్వేలో 260 దాకా దీర్ఘవృత్తాకార, కటకాకార గెలాక్సీలను వెతికితే 56 వాయువుతో దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం తమ చుట్టూ తాము వేగంగా తిరిగేవే.