మీకు తెలుసా? కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది

మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే, వీధిలో కరెంటు పోతే డాబా మీది సోలార్ కూడా వెంటనే ఆగిపోతుంది. నెట్‌మీటరుతో, బ్యాటరీ లేకుండా ఇళ్లకు పెట్టే ఆన్‌గ్రిడ్ పద్ధతి అంతా ఇంతే.

ఇది కావాలని పెట్టిన రక్షణ. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్ ఏసీగా మార్చి, 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ల వీధి లైనుతో కలుపుతుంది. లైన్లో సరఫరా పోయిందని తెలియగానే సెకన్లలోనే విడిపోతుంది. అలా విడిపోకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కి తీగల్లోకి వెళ్తుంది. సప్లై ఆపేశారన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. ఆ ఒక్క మనిషి కోసమైనా ఈ ఏర్పాటు ఉండి తీరాలి.

కరెంటు తిరిగొచ్చాక కూడా ఇన్వర్టర్ తొందరపడదు. వోల్టేజీ నిలకడగా ఉందో లేదో కాసేపు చూసుకుని గానీ పని మొదలుపెట్టదు. అంతవరకూ చాలా ఇన్వర్టర్ల తెర మీద 'నో గ్రిడ్' వంటి మాటే కనిపిస్తుంది. రిపేరు వచ్చిందని కంగారుపడక్కర్లేదు.

కోతల్లోనూ ఫ్యాన్ తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీ ఉండాలి. ఖర్చు బాగానే పెరుగుతుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక ఇంటికి కేంద్రమిచ్చే సబ్సిడీ, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000 రూపాయలే. అది లెక్కగట్టేది సోలార్ సామర్థ్యాన్ని బట్టే, బ్యాటరీని బట్టి కాదు.

కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు 'కరెంటు పోతే మా ఇంట్లో ఏవేవి పనిచేస్తాయి?' అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.