స్టార్ల మద్యం బ్రాండ్లు: సీసాపై హీరో పేరు సరే.. లోపలున్నది బోర్బనా, స్కాచా?

లాల్‌దర్వాజా బోనాలొస్తే పాతబస్తీలో వైన్స్‌ షాపులు బంద్‌. కానీ ఫోన్‌కు బంద్‌ ఉండదు కదా! రీల్స్‌ తిప్పుతుంటే సినిమా స్టార్లు, వాళ్ల సొంత మద్యం బ్రాండ్లు ఎదురవుతూనే ఉంటాయి. ఇంతకీ ఆ సీసాల్లో ఉండేదేంటి?

మన రానా దగ్గుబాటి, సంగీత దర్శకుడు అనిరుధ్‌తో కలిసి 2024లో తెచ్చిన 'లోకా లోకా' అసలు విస్కీనే కాదు, టెకీలా. మెక్సికోలో అగేవ్‌ మొక్క నుంచి తీస్తారు. సంజయ్‌ దత్‌ భాగస్వామిగా 2023లో వచ్చిన 'ది గ్లెన్‌వాక్‌' స్కాచ్‌. స్కాచ్‌ అనాలంటే స్కాట్లాండ్‌లోనే తయారై, కనీసం మూడేళ్లు అక్కడి ఓక్‌ పీపాల్లో ఉండాలి.

బోర్బన్‌ అమెరికాది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్‌ పీపా తప్పనిసరి. 'వాంపైర్‌ డైరీస్‌' నటులు ఇయాన్‌ సోమర్‌హాల్డర్‌, పాల్‌ వెస్లీ పెట్టిన 'బ్రదర్స్‌ బాండ్‌' ఈ రకమే. బియాన్సే 'సర్‌డేవిస్‌' మాత్రం రై ధాన్యంతో చేసే విస్కీ, బోర్బన్‌ కాదు.

మరి రేటెందుకంత? 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించింది. తగ్గాక కూడా సరుకు విలువ ఎంతో సుంకం అంత! ఆపై రాష్ట్ర పన్నులు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. మన దేశంలో టీవీల్లో మద్యం ప్రకటనలపై నిషేధం ఉంది. స్టారే ఓనరైతే? ఆయన ఇంటర్వ్యూ, పోస్టు.. అన్నీ ప్రచారమే. అందుకే ఫేస్‌ చూసి డబ్బులు పెట్టే ముందు లేబుల్‌ చదవాలి. ఏ రకం, ఎక్కడ తయారైంది, ఎన్నేళ్లు పీపాలో ఉంది.. చూడాల్సింది ఇవే.

మద్యపానం ఆరోగ్యానికి హానికరం.