ఎస్‌ఎస్‌డీ వేస్తే పాత కంప్యూటర్‌కు వేగం ఎలా వస్తుంది?

పాత కంప్యూటర్‌లో సమాచారం దాచే హార్డ్ డిస్క్‌లో అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటికి అంటీ అంటనట్టు ఒక సన్నని చేయి అటూ ఇటూ జరుగుతూ సమాచారం చదువుతుంది. కావలసిన చోటు దాని కిందికి వచ్చేదాకా ఆగక తప్పదు. ఆ ఆగడం సెకనులో సుమారు నూరో వంతే! కానీ కంప్యూటర్ ఆన్ కావాలంటే వేల చిన్న ఫైళ్లు చదవాలి. ఆలస్యమంతా అక్కడే పోగవుతుంది.

హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసే ఎస్‌ఎస్‌డీలో (సాలిడ్ స్టేట్ డ్రైవ్) తిరిగేది ఏదీ ఉండదు. ఫ్లాష్ చిప్‌లోని సూక్ష్మమైన గదుల్లో ఎలక్ట్రాన్ల రూపంలో సమాచారం దాగి ఉంటుంది. ఏ గదిలోది కావాలన్నా దాదాపు తక్షణమే అందుతుంది.

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసే ముందు ఫైళ్లన్నీ మరోచోట కాపీ చేసుకోవాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. కంప్యూటర్‌కు సరిపడే రకం కొని, కరెంటు తీసేసి బిగించాలి. ఫైళ్లు చదివే వేగం పెరిగినా, ప్రాసెసర్ పాతదే కాబట్టి లెక్కలు చేసే వేగం మాత్రం పెరగదు.