పైపుల మధ్య పల్చని మడతలు

1974 మార్చి 27న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో దగ్గరున్న నిప్రో కర్మాగారంలో అయిదో నంబరు రియాక్టరుకు పగులు కనిపించింది. నైలాన్‌కు ముడిసరుకైన కాప్రోలాక్టమ్ తయారయ్యే చోటది. ఆరు రియాక్టర్లు వరసగా, ఒకదాని కంటే ఒకటి సుమారు 35 సెంటీమీటర్లు దిగువగా ఉండేవి. వాటి గుండా సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవం 155 డిగ్రీల వేడితో, గట్టి ఒత్తిడితో ప్రవహించేది. పగిలిన రియాక్టరును తీసేసి, నాలుగో దానికీ ఆరో దానికీ మధ్య తాత్కాలికంగా ఒక పైపు వేశారు. ఎత్తుల్లో తేడా ఉంది కాబట్టి ఆ పైపును రెండు చోట్ల వంచాల్సి వచ్చింది. రియాక్టర్ల మూతుల వ్యాసం 28 అంగుళాలు, చేతికందిన పైపు 20 అంగుళాలు. దాని రెండు చివరలా బెలోస్ అనే మడతల గొట్టాలు ఉన్నాయి. కింద ఆసరాగా పరంజా కట్టారు. ఆ మార్పుకు ఉన్న డ్రాయింగల్లా వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలే.

జూన్ 1, శనివారం సాయంత్రం అయిదు గంటలు కావస్తుండగా ఆ పైపు మెలిదిరిగి ఊడిపోయింది. బయటపడ్డ ఆవిరి మేఘానికి నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. వారిలో 18 మంది కంట్రోల్ రూములోనే ఉన్నారు. సెలవు దినం కాకపోయి ఉంటే మృతుల సంఖ్య ఎంతో పెరిగేది. విచారణ సంఘం తేల్చిన విషయం ఒక్కటే మనసులో మెదులుతుంది: లోపలి ఒత్తిడి ఆ వంకర పైపును ఎంత బలంతో తిప్పుతుందో ఎవరూ లెక్క వేయలేదు. ఒకే లైనులో ఎగుడుదిగుడుగా ఉన్న రెండు బెలోస్ మధ్య పైపుకు తగిన ఆసరా లేకుండా వాడకూడదని బెలోస్ తయారుచేసిన కంపెనీ తన పుస్తకంలో రాసే ఉంచింది. ఆ పుస్తకాన్ని ఎవరూ తెరిచి చూడలేదు.

బెలోస్ అంటే హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండే పల్చటి లోహపు గొట్టం. దానికి రెండు వైపులా ఫ్లేంజిలో, వెల్డింగుకు వీలైన పైపు ముక్కలో అతికి, కావలసిన కడ్డీలూ కీళ్ళూ అమర్చితే ఎక్స్‌పాన్షన్ జాయింట్ అవుతుంది. థర్మల్ కేంద్రాలు, రిఫైనరీలు, ఉక్కు కర్మాగారాలు, చక్కెర మిల్లులు, ఓడల ఇంజన్ గదులు, ఎక్కడ వేడి పైపు ఉంటే అక్కడ దీని అవసరం రావచ్చు.

ఎందుకంటే ఉక్కు పెరుగుతుంది. మామూలు కార్బన్ స్టీలు పైపు 100 మీటర్ల పొడవుంటే, దాని వేడి 200 డిగ్రీలు పెరిగేసరికి దాదాపు పావు మీటరు సాగుతుంది. సాగనివ్వకుండా రెండు చివరలా బిగించామనుకుందాం. పది మిల్లీమీటర్ల మందమున్న 300 మిల్లీమీటర్ల పైపును అలా బంధించి 100 డిగ్రీలు వేడిచేస్తే, లెక్క ప్రకారం అది రెండు వైపులా సుమారు 240 టన్నుల బలంతో నెడుతుంది. పునాది కదులుతుంది, లేదా పైపు విల్లులా వంగుతుంది, లేదా దానికి కట్టిన పంపు నాజిల్ పగులుతుంది.

అందుకు మొదటి పరిష్కారం బెలోస్ కాదు. విద్యుత్ కేంద్రాల పక్క రోడ్ల వెంట వెళ్ళేవారు ఆవిరి పైపులు ఉన్నట్టుండి పక్కకు తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, పాత దారిలోనే సాగడం చూసే ఉంటారు. ఆ వంపులు వంగి సాగుదలను మింగుతాయి. అందులో పల్చని రేకు ఉండదు, ఏళ్ళ తరబడి పట్టించుకోకపోయినా పనిచేస్తుంది. చోటు లేనప్పుడో, పైపు మరీ లావైనప్పుడో, వంపుల వల్ల ఒత్తిడి ఎక్కువ పడిపోతున్నప్పుడో మాత్రమే బెలోస్ వైపు చూడాలి. అనుభవమున్న పైపింగ్ ఇంజనీర్లు ఈ వరసనే పాటిస్తారు, అది సరైన వరస కూడా.

బెలోస్ వేయాలని నిర్ణయించాక అందరూ అడిగే ప్రశ్న ఎన్ని మిల్లీమీటర్లు సాగుతుందని. అంతకంటే ముందు అడగాల్సింది తోపుడు ఎవరు మోస్తారని. మామూలు పైపులో లోపలి ఒత్తిడి పైపును పొడవు దిశలో లాగి విడదీయాలని చూస్తుంది, మందమైన గోడ ఆ బలాన్ని తనే పట్టి ఉంచుతుంది. మధ్యలో మడతలు పెట్టగానే ఆ పట్టు పోతుంది. బెలోస్ ఉన్నంత మేరా సాగిపోవాలని చూస్తుంది. 300 మిల్లీమీటర్ల పైపులో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి ఉంటే, మడతల సగటు వ్యాసాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఆ తోపుడు సుమారు ఎనిమిదిన్నర టన్నులు. నీళ్ళతో ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టి పరీక్షించే రోజున అది పన్నెండు టన్నులు దాటుతుంది. ఫ్లిక్స్‌బరోలో 28 అంగుళాల మూతి దగ్గర, అక్కడి ఒత్తిడితో ఇదే లెక్క కడితే 35 టన్నులు దాటుతుంది. ఆ బలాన్ని మోయడానికి అక్కడున్నది పరంజా మాత్రమే.

కాబట్టి బెలోస్ రకాన్ని ఎంచుకోవడమంటే ముఖ్యంగా ఈ తోపుడుకు దారి చూపడమే. తిన్నని లైనులో, రెండు వైపులా గట్టి కాంక్రీటు యాంకర్లు కట్టగలిగితే సాదా యాక్సియల్ రకం చాలు. అప్పుడు పైపు పక్కకు వంగిపోకుండా గైడ్లు తప్పనిసరి. మొదటిది బెలోస్‌కు పైపు వ్యాసానికి నాలుగు రెట్ల దూరంలోపు, రెండోది అక్కడి నుంచి పద్నాలుగు రెట్ల దూరంలోపు ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. పెద్ద యాంకర్లు కట్టే వీలు లేకపోతే బెలోస్ మీదుగా ఒక చివర నుంచి మరో చివరకు టై రాడ్లు వేస్తారు. తోపుడును కడ్డీలు పట్టుకుంటాయి, పైపు పక్కకు మాత్రం కదలగలదు. కీలు వేసిన హింజ్ రకం ఒకే తలంలో వంగుతుంది. అలాంటివి రెండో మూడో కలిపి మలుపులున్న లైన్లలో వాడతారు. గింబల్ అన్ని వైపులకూ వంగుతుంది. టర్బైన్ లాంటి సున్నితమైన యంత్రం పక్కన, కడ్డీలతో సరిపెట్టలేని చోట, తోపుడును తోపుడుతోనే రద్దు చేసే ప్రెషర్ బ్యాలెన్స్‌డ్ రకం ఉంది. ఖరీదు ఎక్కువ, చోటూ ఎక్కువే పడుతుంది.

ఆ తర్వాత రేకు సంగతి. ఒత్తిడి తట్టుకోవాలంటే మందం కావాలి, సులువుగా కదలాలంటే పల్చగా ఉండాలి. ఈ రెంటి మధ్య కుదిర్చే రాజీలోనే డిజైనరు నైపుణ్యమంతా ఉంది. ఒకే మందపు రేకుకు బదులు రెండు మూడు పల్చని పొరలు ఒకదానిపై ఒకటి వేయడం మంచి ఉపాయం. ఒత్తిడిని అన్నీ కలిసి మోస్తాయి, వంగేటప్పుడు దేనికది వంగుతుంది. మడతలు మరీ ఎక్కువైతే లోపలి ఒత్తిడికి బెలోస్ మొత్తం పక్కకు పొర్లి పాములా మెలితిరుగుతుంది.

ఎన్నిసార్లు సాగి ముడుచుకోవాలన్నది కొనేవారే చెప్పాలి. రోజూ ఆపి నడిపే బాయిలరు లైనుకు ఇరవై ఏళ్ళకు 7,300 సార్లు. ఏడాదికి నాలుగైదు సార్లే ఆగే రసాయన కర్మాగారానికి వెయ్యి చాలు. జాగ్రత్త కోసమని అవసరం లేకపోయినా పదివేలు రాసేవారున్నారు. ఆ సంఖ్యను అందుకోవడానికి తయారీదారు రేకును పల్చన చేస్తాడు, మడతలు పెంచుతాడు, ఫలితంగా ఒత్తిడి కింద అది నిలకడ కోల్పోతుంది. 1955లో ఏర్పడిన అమెరికా ఎక్స్‌పాన్షన్ జాయింట్ తయారీదారుల సంఘం, ప్రపంచమంతా ఈజేఎంఏ పేరుతో పిలిచేది, తన ప్రమాణాల్లో ఈ అతిజాగ్రత్త గురించే హెచ్చరిస్తుంది.

లోహం విషయంలో పొదుపు పనికిరాదు. పది మిల్లీమీటర్ల పైపులో ఒక మిల్లీమీటరు తుప్పుకు పోయినా పైపు నిలుస్తుంది. బెలోస్ మొత్తం మందమే తరచుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ స్టీల్ 304, 316, 321 రకాలు ఎక్కువ పనులకు సరిపోతాయి. కానీ ఉప్పులోని క్లోరైడు, వేడి, లోహం మీద పడే లాగుడు మూడూ కలిస్తే అవి వెంట్రుకవాసి పగుళ్ళు తీస్తాయి. ఆ క్లోరైడు లోపలి ద్రవంలోనే ఉండాలని లేదు. విశాఖ లాంటి సముద్రతీరంలో వానకు తడిసిన ఇన్సులేషన్ ద్వారా బయటి నుంచీ చేరవచ్చు. అలాంటి చోట నికెల్ ఎక్కువున్న ఇన్‌కొనెల్ 625 వంటి మిశ్రమాలకు అధిక ధర పెట్టడం సబబే.

లోహం తర్వాత చూడాల్సింది ప్రవాహ వేగం. దాన్ని మరచినందుకు చంద్రయాత్రకే గండం వచ్చేది. 1968 ఏప్రిల్ 4న మనుషులు లేకుండా ఎగిరిన అపోలో 6లో శాటర్న్ 5 రాకెట్టు రెండో దశలో ఒక ఇంజన్ దెబ్బతిని ఆగింది. తీగలు తారుమారుగా కలిపి ఉండటంతో బాగున్న మరొకటీ ఆగిపోయింది. మూడో దశ ఇంజన్ కక్ష్యలో మళ్ళీ అంటుకోలేదు. కారణం వెతికితే ఇగ్నైటరుకు ఇంధనం తీసుకెళ్ళే సన్నటి గొట్టంలోని బెలోస్ దగ్గర తేలింది. ద్రవ హైడ్రోజన్ వేగానికి మడతలు అదిరి అదిరి విరిగాయి. నేల మీది పరీక్షల్లో అవి విరగలేదు. ఆ చలికి చుట్టూ ఉన్న గాలి మడతల మీదే ద్రవంగా మారి, అదురును అణిచేసింది. అంతరిక్షంలో గాలి లేదు. శూన్యంలో పరీక్షించినప్పుడే అసలు సంగతి బయటపడింది. బెలోస్ తీసేసి గొట్టాన్ని వంపులతో మార్చారు, ఆ డిసెంబరులోనే శాటర్న్ 5 మీద అపోలో 8 ముగ్గురు మనుషులతో చంద్రుడి దాకా వెళ్ళింది. పరిశ్రమల్లో వేగం ఎక్కువున్నప్పుడు మడతలకు ప్రవాహం తగలకుండా లోపల లైనరు వేస్తారు. బయట ప్రవాహ దిశ చూపే బాణం గుర్తు ఉంటుంది, దాన్ని తిరగేసి బిగించకూడదు.

బిగింపులో జరిగే పొరపాట్లు చాలావరకు తెలిసినవే. కొలత తప్పిన పైపులను కలపడానికి బెలోస్‌ను లాగి సర్దడం, మెలితిప్పడం, దగ్గర్లో వెల్డింగ్ చేస్తూ మడతల మీద నిప్పురవ్వలు పడనివ్వడం. రవాణాలో బెలోస్ కదలకుండా తయారీదారులు కడ్డీలు బిగించి, తేలిగ్గా కనిపించేలా సాధారణంగా పసుపు రంగు వేస్తారు. జాయింట్ బిగించాక, లైనుకు ఒత్తిడి ఎక్కించకముందే వాటిని తీసేయాలి. మరిచిపోతే బెలోస్ కదలదు. అదే చేత్తో టై రాడ్లు కూడా విప్పేస్తే తోపుడును పట్టేది మిగలదు. ఏవి విప్పాలో ఏవి ఉంచాలో తయారీదారు డ్రాయింగులో రాసి ఉంటుంది. స్పానరు పట్టే ఫిట్టరుకు ఆ డ్రాయింగు చూపించి, విప్పాల్సిన కడ్డీలను ముందే గుర్తుపెట్టించడం సైట్ ఇంజనీరు పని.