మీకు తెలుసా? ఒక్క చేతిసంచితో భూగోళాన్ని చుట్టొచ్చింది!

1889 నవంబరు 14న న్యూయార్క్ పత్రిక 'ది వరల్డ్' విలేకరి నెల్లీ బ్లై ఒంటరిగా ప్రపంచయాత్రకు బయల్దేరింది. అంతకు ముందు ఈ ఆలోచన చెప్పినప్పుడు, ఆడదానికి తోడు కావాలి, పైగా మోయలేనంత సామాను ఉంటుంది, ఓడలూ రైళ్లూ గబగబా మారలేదు అని పత్రిక పెద్దలు కొట్టిపారేశారు.

ఆమె సంచి పొడవు సుమారు 16 అంగుళాలే! అందులో లోదుస్తులు, చేతిరుమాళ్లు, టోపీలు, చెప్పులు, సూది దారం, సిరాబుడ్డి, కలాలు, కాగితాలు పట్టాయి. వేడి దేశాల కోసం కుట్టించుకున్న పల్చటి గౌను మాత్రం పట్టలేదు. దానికోసం ఇంకో మూట కట్టడం ఇష్టంలేక గౌనునే వదిలేసింది. ఒంటిమీది గౌనుతోనే కొలంబో, సింగపూర్, హాంకాంగ్, జపాన్‌ల మీదుగా 72 రోజుల్లో తిరిగొచ్చింది. ఎంత గట్టి మనిషో చూడండి!

దారి పొడవునా ఆమెను విసిగించిన వస్తువు ఒక్కటే: ముఖానికి రాసుకునే కోల్డ్ క్రీమ్ సీసా. సంచి మూయబోయిన ప్రతిసారీ అదే అడ్డొచ్చేదట. ఈనాటికీ సూట్‌కేసుల్లో చోటు తినేసేవి ఇలాంటి సీసాలూ డబ్బాలే. వాటిని ముందు చిన్నవాటిలోకి మార్చుకుంటే బట్టలకు బోలెడు చోటు.