రంజాన్ తేదీ – మన పడుగు లెక్క

పెండ్లి ముహూర్తాలు, ఉగాది, దసరా చూచుకొని పడుగు ఎక్కించుట బరంపురం నేతగాండ్రకు అలవాటే. రంజాన్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. గంజాం జిల్లాలో ముస్లిం కుటుంబాలు కొద్దియే అయినను, కొత్త బట్ట లేని రంజాన్ లేదు గదా. సరుకు వేళకు అందకపోయిన నష్టం మనదే.

హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు. మన చాంద్రమానమూ అంతే గాని, మనం రమారమి మూడేండ్లకొక అధికమాసం చేర్చి ఋతువులతో సరిపెట్టుకొందుము. ఇస్లాంలో అధికమాసం నిషిద్ధం. అందుచే వారి పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుగా వచ్చుచు, దాదాపు 33 ఏండ్లకు ఋతువులన్నీ చుట్టివచ్చును.

2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్. 2025లో మార్చి 30, 31. 2026లో మార్చి 19న ఉగాది, సెలవుల పట్టిక ప్రకారం 21న రంజాన్. ఇట్లు మూడేండ్లు జంటగా నడచుటచే ఒకే పడుగు రెండు పండుగలకూ సరిపోవును. 2026లో అధిక జ్యేష్ఠం పడినందున ఆ జంట విడిపోవును. 2027లో ఉగాది ఏప్రిల్ 7న. రంజాన్ మార్చి 10 ప్రాంతమున. ఉగాదికని నేసిన చీర రంజాన్‌కు అందదు.

సరియైన రోజును నెలవంకయే చెప్పవలెను. పూర్వం మిద్దెలెక్కి చూచెడివారు; తరువాత రేడియో, ఇప్పుడు చేతిలోని ఫోను కబురు తెచ్చుచున్నవి. గణితం ముందే చెప్పగలిగినను, మన దేశంలో కంటితో చూచిన సాక్ష్యానికే విలువ. దాని వలన వర్తకునికి వచ్చు తేడా ఒక్క రోజే. అధికమాసం వలన వచ్చునది నెల.

ఇక ఏమి నేయవలెను? మగవారికి శుద్ధ పట్టు ఇస్లాంలో వర్జ్యం, స్త్రీలకు అడ్డులేదు. కనుక మన కుంభం అంచు చీర వారి ఇంట చెల్లును గాని, మగవారి పట్టు జోడు చెల్లదు. పూర్వపు నేతగాండ్రు ఈ నియమాన్ని చూచి చేతులు ముడుచుకొనలేదు. ఒంటికి తగులు వైపు నూలు, పైవైపు పట్టు నిగనిగ వచ్చునట్లు మష్రూ నేసిరి; ఆ పేరునకు ధర్మసమ్మతమని అర్థం. పట్టు నూలు కలిపిన ఔరంగాబాదు హిమ్రూ కూడ ఆ జాతిదే. మన మగ్గాలపై నూలు కలిపిన బట్టను చిన్నచూపు చూచుట ఎందుకో తెలియదు.

మొహర్రం వేరు, అది శోకదినం, అప్పుడు కొత్త బట్టల బేరం ఉండదు. తెలుగు ఊళ్లలో పీర్లకు దట్టీలు మాత్రం హిందువులు కూడ మొక్కుకొని కట్టింతురు.

2027 రంజాన్ చీరలు ఫిబ్రవరి నడుమకు అంగళ్లకు చేరవలెనన్న, పడుగు సంక్రాంతికి ముందే మగ్గమెక్కవలెను.