పౌరుషము శుక్రవాహికలో నుండునా?

చెఱకు నఱకువాడును, బెల్లము వండువాడును, గోవాడ చక్కెర కర్మాగారమునకు బండి తోలువాడును కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేయించుకొన్నచో నడుము బలముడిగిపోవుననియు, మీసము పలుచబడుననియు, పౌరుషము చచ్చి విత్తుకొట్టిన కోడెవలె మెత్తబడిపోవుననియు మన చోడవరము పల్లెలలో పాతుకొన్న నమ్మకము వట్టి తెలియనితనముగా మిగిలియుండినచో, దానినిగూర్చి ఇంత వ్రాయవలసిన పని లేకపోవును. “మగోడికి ఆపరేషనేటి, ఇంట్లో ఆడది నేదా?” అను ఒక్క ప్రశ్నతో అది ఇల్లాలిని శస్త్రచికిత్స బల్లమీదికి నెట్టుచున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితలు 100కి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారుగా తేలగా, భర్త వేసెక్టమీ చేయించుకొన్న ఇండ్లు 100కి ఒక్కటియైనను లేవు. ఆ స్త్రీలలో అనేకులు పాతికేండ్లు నిండకమునుపే, రక్తము చాలని దేహముతో, ఒడిలో పసిబిడ్డ నుంచుకొని, పొట్ట కోయించుకొన్నవారు.

ఈ అపోహ పశువులశాలలో పుట్టినది. కోడెను ఎద్దుగా చేయుటకు పశువైద్యుడు పటకారువంటి పరికరముతో నొక్కినపుడు వృషణములకు పోవు రక్తనాళములు నలిగి, వృషణములు క్రమముగా శుష్కించి, వానిలో హార్మోను పుట్టుటయే ఆగిపోవును. ఆ కోడె పొగరు తగ్గి కాడికి లొంగుట మన రైతు తరతరములుగా కన్నులార చూచిన సత్యము. ఆ సత్యమును తెచ్చి వేసెక్టమీకి అంటగట్టుటయే తప్పు. ఇందు వృషణములను ముట్టరు, వాని రక్తనాళములను ముట్టరు. బీజకణములను మోసుకొనిపోవు సన్నని శుక్రవాహికలను మాత్రము రెండు వైపుల కత్తిరించి మూసివేయుదురు. పురుషహార్మోనగు టెస్టోస్టిరోన్ ఆ వాహికగుండ పోవునది కాదు. అది వృషణములలో పుట్టి నేరుగా రక్తములో కలియును.

నమ్మనివారు పందెపుకోడి భాషలో వినవచ్చును. 1849లో జర్మనీలోని గట్టింగెన్ నగరమున ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు ఆరు పుంజుపిల్లల వృషణములను తొలగించెను. వానిలో కొన్నిటిని అట్లే విడువగా అవి కూయవు, కలబడవు, వాని జుట్టు ఎదుగదు. తక్కినవాని కడుపులో ఒక్కొక్క వృషణమును తిరిగి నాటగా అవి నిండు పుంజులై కూసినవి, పెట్టలవెంట పడినవి, ఒకదానిపై నొకటి కాలు దువ్వినవి. కడుపులో నాటిన ఆ వృషణమునకు బయటికి పోవు నాళము లేదు, పూర్వపు నరముల పొత్తు లేదు. చుట్టును క్రొత్తగా అల్లుకొన్న రక్తనాళములు మాత్రమే కలవు. నాళమన్నదే లేని పుంజు పౌరుషమునకు లోటు రానపుడు, నాళము కత్తిరించినంతమాత్రమున మనుష్యుని పౌరుషము ఎటు పోవును? 1935లో ఆంస్టర్‌డాం నగరమున ఎర్న్‌స్ట్ లాకర్ బృందము, వృషణమునుండి రక్తములో కలిసి పౌరుషమునిచ్చు ఆ పదార్థమును ఎద్దుల వృషణములనుండి కాదు, ఆబోతుల వృషణములనుండి వేరుచేసి టెస్టోస్టిరోన్ అని పేరిడినది.

1920 ప్రాంతమున వియన్నాలో యూజెన్ స్టైనాఖ్ ఇదే వాహికను కట్టివేసినచో ముసలివానికి యౌవనము తిరిగివచ్చునని ప్రకటింపగా, 1923లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్, 1934లో కవి యేట్స్ ఆ చికిత్స చేయించుకొనిరి. మనవారు పోవునని భయపడిన బలమును వారు వచ్చునని ఆశించిరి. పోవుటయు లేదు, వచ్చుటయు లేదు. హార్మోను ఎప్పటివలెనే రక్తములో కలియుచుండుటచేతను, స్ఖలించు ద్రవములో బీజకణముల పాలు మిక్కిలి స్వల్పమగుటచేతను, వేసెక్టమీ తరువాత కామమును సుఖమును మునుపటివలెనే యుండును.

భయమునకు చరిత్రలో ఒక న్యాయమైన కారణము కలదు. ఎమర్జెన్సీనాటి 1976–77లో ఒక్క ఏడాదిలో దేశమున 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరుగగా, 60 లక్షలకు మించి మగవారివే. వారిలో బలవంతమునకు గురియైనవారెందరో. ఆ కోపము ప్రభుత్వముమీద చూపదగినది, భార్య కడుపుమీద కాదు.

ఒక్క శుక్రబిందువునకు నూఱు రక్తబిందువులు ఖర్చగుననెడి మఱొక నమ్మకమును ఏ ప్రయోగశాలయు చూపని లెక్కయే. టెస్టోస్టిరోన్ పురుషుని సొత్తు కాదు. స్త్రీ దేహమును దానిని తయారుచేయును. కావున మగతనము పేరు చెప్పి ఆలిని కొట్టినవాడు ఆ హార్మోనును సాక్ష్యమునకు పిలువరాదు.

అయితే ఆడ మగ తేడాలన్నియు పెంపకమేనని వాదించువారితోను నేను ఏకీభవింపలేను. అడ్రినల్ గ్రంథుల జన్మలోపమువలన గర్భములోనే పురుషహార్మోనులు అధికముగా సోకిన ఆడపిల్లలు సగటున మగపిల్లల ఆటలవైపు ఎక్కువ మొగ్గుదురని పలుమారులు తేలినది, కాదనలేము. కాని హార్మోను ఒక దిక్కునకే త్రోయు శక్తియు కాదు. ఫిలిప్పీన్సులోని సిబూలో యువకులను ఏండ్ల తరబడి పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనమున, తండ్రులైనవారిలో టెస్టోస్టిరోన్ తగ్గినది. బిడ్డను ఎక్కువసేపు సాకినవారిలో మఱింత తక్కువగా నున్నది. కత్తి తాకకయే బిడ్డను ఎత్తుకొన్నందుకు తగ్గినదానిని చూచి ఎవరును ఆ తండ్రిని మగవాడు కాదనరు గదా.

కావున ఇక ఆస్పత్రికి భర్తయే పోయి అడుగవలెను. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన కోత కుట్టు లేని పద్ధతిలో, మత్తు ఆ చోటికి మాత్రమే ఇచ్చి, అరగంటలోపున ముగించి, ఆనాడే ఇంటికి పంపుదురు. రెండు దినములు విశ్రమించి, వారముపాటు చెఱకు మోపులు ఎత్తకుండవలెను. గానుగ కాలమునకు ముందో వెనుకో పెట్టుకొన్నచో కూలి చెడదు. కొద్దిమందికి నొప్పి దీర్ఘముగా మిగులవచ్చును, వారు వైద్యునికి తిరిగి చూపించుకొనవలెను. తెగినదానిని తిరిగి కలుపుట అన్నివేళల ఫలింపదు గనుక, పిల్లలు చాలునని ఆలుమగలు ఇద్దరును నిశ్చయించుకొన్న పిమ్మటనే పోవలెను. వాహికలో ముందే చేరియున్న బీజకణములు ఖాళీయగుటకు కాలము పట్టును. మూడు నెలల తరువాత వీర్యపరీక్షలో అవి లేవని తేలువరకు నిరోధ్ మానరాదు.